తలుపు పక్క వరుస

పత్రిక మారిందంటే కామాలు కూడా కాపురం మార్చుకోవాల్సిందే. మొదటి పరిశోధన పత్రికవాళ్ళకు వ్యాసం చివర ఆధారాలన్నీ అంకెల వరుసలో కావాలి. ఈ రెండోవాళ్ళకు అక్షరక్రమంలో కావాలి. ఇంటిపేరు ముందుండాలి, పత్రిక పేరు వాలు అక్షరాల్లో ఉండాలి, సంపుటి సంఖ్య మాత్రం నిటారుగా నిలబడాలి. చిక్కుడక్క పొద్దుట వచ్చి కుర్చీలో కూలబడింది మొదలు నిలబడ్డవాటిని వాల్చుతూ, వాలినవాటిని లేవదీస్తూ ఉంది. మెడ పట్టేసింది. పక్కన టీ చల్లారి పైన తెట్టు కట్టింది.

చిక్కుడు మొక్కల మీద పనిచేస్తుంది గనక ఆ పరిశోధన కేంద్రంలో అందరికీ ఆమె చిక్కుడక్కే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆ జీతం కూడా ఒప్పందం మీద వచ్చేదే. ఈ నెలాఖరుకు ఒప్పందం ముగుస్తుంది. పొడిగించాలంటే ఈలోగా వ్యాసం పత్రికకు చేరినట్టు రుజువు చూపించాలి.

కేంద్రాన్ని నడిపే పెద్దసారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఎవరి గదికి వెళ్ళినా గుమ్మం దాటడు. దాటితే కూర్చోవాలి, కూర్చుంటే వినాలి.

"ఎందాకా వచ్చిందమ్మా?"

"ఆధారాలు అయిపోవచ్చాయి సార్. ఫొటోలు మిగిలాయి."

"మొదటి పత్రికవాడు పట్టుకున్న సంగతి? తలుపు పక్క వరుస?"

చిక్కుడక్క కళ్ళజోడు తీసి ముక్కు మీది గుంటలు రుద్దుకుంది. ఏ రకం చిక్కుడు నీళ్ళు లేకుండా ఎక్కువ ఓర్చుకుంటుందో తేల్చడం వాళ్ళ ప్రయోగం. గ్రీన్‌హౌస్‌లో కుండీలు వరుసలుగా పెట్టారు, ప్రతి వరుసలోనూ అన్ని రకాలూ ఉండేట్టు. నీళ్ళు మానేసి రోజూ ప్రతి కుండీని తూకం వేశారు. అన్ని వరుసల్లోనూ నాసిరకాలు తలలు వాల్చేశాయి. తలుపు పక్క వరుసలో మాత్రం వాలినవి మళ్ళీ లేచాయి. సెలవు మర్నాడు పొద్దున తూకం వేసినప్పుడల్లా అక్కడి కుండీలు కొన్ని ముందురోజు కంటే బరువు తూగాయి. మట్టి తనంతట తాను బరువెక్కదు. ఆ మాటే పత్రికవాళ్ళు అడిగారు. సంతృప్తికరమైన సమాధానం లేదని వ్యాసాన్ని వెనక్కి కొట్టారు.

"ఏం రాయమంటారు?" అంది.

"సిబ్బంది పొరపాటు వల్ల అదనంగా నీరు అందినందున ఆ వరుసను లెక్కలోంచి తీసేశాం. అంతే. ఒక్క వాక్యం. దానికి తోకలూ తొండాలూ తగిలించొద్దు."

ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. పెద్దసారు అప్పటికే వసారా చివరికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే అవతల బయటి మళ్ళలో తోటమాలి గడ్డలు పగలగొడుతున్నాడు. మెడకు గుడ్డ చుట్టుకున్నాడు. చలిగాలికి ఆ గుడ్డ అంచు లేచి ముఖం మీద కొడుతూంటే భుజంతో తోసుకుంటున్నాడు తప్ప పార ఆపడం లేదు. కుండీల గొడవకు ముందు అతను గ్రీన్‌హౌస్ లోపలి మనిషి. పొద్దున అందరికంటే ముందొచ్చి తలుపు తీసేది అతనే. సెలవు మర్నాడు పొద్దున్నే కుండీలు బరువెక్కాయంటే ఇంకెవరు పోసుంటారు? పెద్దసారు గదిలో నిలబెట్టి అడిగారు. పోయలేదన్నాడు. అయినా తాళంచెవి లాక్కుని బయటి మళ్ళకు పంపేశారు. ఆ తాళంచెవి ఇప్పుడు చిక్కుడక్క బ్యాగులో ఉంది.

ఆమె కిటికీ మీంచి చూపు తిప్పుకుని మళ్ళీ వాలు అక్షరాల్లో పడింది.

*

ఫొటోల పని ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో కంప్యూటరు పెట్టుకునే జాగా భోజనాల బల్ల ఒక్కటే. దానికి అటుపక్క అత్తగారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని బఠాణీలు వలుస్తోంది. ఒక గింజ గిన్నెలోకి, ఒక గింజ నోట్లోకి.

"ఇంకా ఎన్నాళ్ళే ఆ రాత? పిల్లను కనడం కూడా ఇంత ఆలస్యం కాదు."

"పిల్లనైతే పుట్టాక వెనక్కి పంపరు కదా అత్తయ్యా."

"పంపే వీలుంటే నీ మొగుణ్ణి ఎప్పుడో పంపేసేదాన్ని." ఆవిడ తన మాటకు తనే నవ్వుకుని ఇంకో కాయ చీల్చింది.

వరుసలన్నీ కనిపించే ఫొటో ఒకటి వ్యాసంలో ఉండాలి. ఉన్నవాటిలో తేటగా వచ్చింది ఒక్కటే. దాని ఒక మూల తలుపు పక్క వరుస కొంచెం పడింది. తీసేసిన వరుస బొమ్మలో ఎందుకని చిక్కుడక్క దాన్ని కత్తిరించబోయింది. కత్తిరించే ముందు పెద్దది చేసి చూసింది. అంచున ఒక నాసిరకం మొక్క, పక్కన పుల్ల, పుల్లకూ కాడకూ కలిపి కట్టిన నీలం దారం.

ఆ దారాన్ని ఆమె అప్పట్లోనే చూసింది. మాలి కట్టాడనుకుని దాని ఊసే మర్చిపోయింది.

అత్తగారు గిన్నె బల్ల మీద పెట్టి మెడ సాచింది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని తెరకేసి చూసింది. ముఖం విప్పారింది.

"ఇది నా బక్కోడు కదే!"

"ఎవరు?"

"ఇదిగో, ఒంగి ఉన్నాడే, వీడు. నేనే పుల్ల పెట్టి కట్టాను. నా స్వెట్టర్ ఊలు గుర్తుపట్టలేదూ? ఎలా ఉన్నాడిప్పుడు?"

చిక్కుడక్క చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

సెలవురోజుల్లో మాలి ఉండడు గనక తూకం వేయడానికి ఆమే వెళ్ళేది. వెళ్ళేప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్ళేది. చలికాలంలో ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోతాయి, గ్రీన్‌హౌస్ వెచ్చదనానికి కాస్త వదులవుతాయి. తలుపు పక్క స్టూలేసుకుని ఆవిడ అల్లుకుంటూ కూర్చునేది. ఈమె తూకం ముగించి, తక్కెడ తుడిచి లోపలి గదిలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేది. ఆ కాస్త సేపే.

"అత్తయ్యా, ఆ మొక్కలకు నీళ్ళేమైనా పోశావా?"

"పోయకేం? నా సీసాలో మిగిలినవన్నీ వాటికే. నువ్వు అన్ని కుండీలూ ఎత్తి దించేదానివే గానీ ఒక్కదానికన్నా చుక్క పోసిన పాపాన పోలేదు. బాగున్నవాటి జోలికి వెళ్ళలేదు నేను. తల వేలాడేసినవాటికే పోశాను. మర్నాటికి ఎలా లేచి కూర్చునేవనుకున్నావు!"

"మర్నాడు నువ్వెక్కడ చూశావు?"

"వారం తిరిగి వచ్చేసరికి బతికుండేవిగా! చచ్చినవాళ్ళు లేచి కూర్చుంటారా?"

చిక్కుడక్క మౌస్ వదిలేసింది.  అత్తగారు కోడలి ముఖం చూసి, ఒళ్ళో పడ్డ తొక్కలు మెల్లగా ఏరుకుంది.

"తప్పా ఏమిటే?"

"వాటికి నీళ్ళు పోయకూడదు అత్తయ్యా. ఎప్పుడు వాడిపోతాయో చూడాలి."

"కళ్ళముందు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"చూడ్డమే మా పని."

"ఏం పనే అది!" అంది అత్తగారు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నావల్ల ఎవరికైనా మాటొచ్చిందా?"

చిక్కుడక్క ఫొటో మూసేసింది. "వచ్చింది. నీకు కాదు."

*

మర్నాడు ఆఫీసు గదికి వెళ్ళకుండా నేరుగా బయటి మళ్ళలోకి నడిచింది. రాత్రి మంచుకు మట్టి పైన బిరుసెక్కింది, కింద మెత్తగా ఉంది. అడుగేస్తే చెప్పు దిగబడి రానంటోంది. తోటమాలి ఆమెను దూరంనుంచే చూశాడు. చూసి కూడా పార ఆపలేదు.

"ఏంటి మేడం, ఇంత దూరం వచ్చారు? చెప్పులు పాడవుతాయి."

 దారిపొడుగునా ఆమె కూర్చుకున్న మాటలన్నీ అతని చేతులు చూసేసరికి చెదిరిపోయాయి. చలికి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, పగుళ్ళలో మట్టి కూరుకుపోయి ఉంది.

"ఆ కుండీలకు నీళ్ళు పోసింది మా అత్తయ్య," అంది చివరికి. "సెలవురోజు నాతో వచ్చినప్పుడు. నాకు నిన్నే తెలిసింది."

మాలి ఒక గడ్డను పార వెనక్కి తిప్పి కొట్టాడు. అది పగల్లేదు. మళ్ళీ కొట్టాడు.

"ఊఁ."

"మీకు ముందే తెలుసా?"

"నీలం దారం చూశాను. అల్లిక దారం. మా ఇంట్లో ఉండేది నేనూ, ఒక పిల్లీ. పిల్లి దారం లాగుతుంది గానీ ముడెయ్యదు."

చిక్కుడక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి ఆ రోజు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మేడంగారి పెద్దావిడ పోసింది అనా? నువ్వు చూశావా అంటారు. నేను చూడలేదు. దారం చూశాను. దారం పట్టుకుని మనిషి మీద చెప్తే, తన మీదికి వచ్చింది కాబట్టి పక్కవాళ్ళ మీదికి తోస్తున్నాడంటారు." అతను మొదటిసారి పార నేలకానించి ఆమెకేసి తిరిగాడు. "పోయలేదని చెప్పాను. ఆ గదిలో నన్ను మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగింది మీరు. మీ ఇంట్లో ఒక్కసారి అడిగారా?"

ఆమె తల దించుకుంది. అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. తను ఉన్నచోట తప్పు జరగదని, తను లేని సమయంలోనే జరిగి ఉంటుందని ఎవరూ చెప్పకుండానే నమ్మేసింది.

"ఇప్పుడు పంపే కాగితాల్లో నా పేరు రాశారంటగా?"

"పేరు లేదు. సిబ్బంది పొరపాటు అని ఉంది."

"గ్రీన్‌హౌస్ సిబ్బంది అంటే ఎవరు మేడం? నేనొక్కణ్ణేగా. పేరు రాసినా అదే, రాయకపోయినా అదే."

"నన్ను..." అంటూ ఏదో చెప్పబోయింది.

అతను చెయ్యెత్తి ఆపాడు. విసురుగా కాదు, ఈగను తోలినట్టు.

"నాతో చెప్పి లాభమేముంది? ఈ గడ్డలు వింటాయి, అంతే. నన్ను ఎక్కడ నిలబెట్టి అడిగారో అక్కడ చెప్పండి."

మళ్ళీ పార అందుకున్నాడు. ఆమె వెనక్కి నడుస్తూంటే చెప్పుకు అంటిన మట్టి అడుగడుక్కూ బరువెక్కింది.

*

పెద్దసారు గదిలో లెక్కల సారు కూడా ఉన్నాడు. ప్రయోగాల అంకెలన్నీ సరిచూసేది ఆయనే, ఈ వ్యాసంలో ఆయన పేరు కూడా ఉంది. చిక్కుడక్క చెప్పడం పూర్తిచేసేసరికి ఆయన పగలబడి నవ్వాడు.

"అయితే మనకు తెలియకుండా ఇంకో సహరచయిత ఉన్నారన్నమాట! అత్తగారి పేరు ఎన్నో స్థానంలో వేద్దాం?"

పెద్దసారు నవ్వలేదు. "లెక్క మారుతుందా?"

"మారదు. ఆవిడ వాడినవాటికే పోశారు కాబట్టి ఆ వరుస దేనికీ పనికిరాదు. దాన్ని ఎటూ తీసేశాం. మిగతా వరుసల్లో గట్టి రకం గట్టిగానే ఉంది. ఎవరు పోసినా ఫలితం అదే."

"విన్నావుగా." పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఫలితం అదే. వరుస పోయింది. ఇంక ఎవరు పోస్తే పత్రికవాళ్ళకెందుకు? సిబ్బంది అన్నాం. నువ్వు మాత్రం సిబ్బందివి కాదా?"

"నన్ను అనుకోరు సార్. ఇక్కడ ఎవరు చదివినా బయటి మళ్ళలో ఉన్నాయన్నే అనుకుంటారు."

"నీ వాక్యం ఏమిటి మరి? చెప్పు, వింటాను."

వ్యాసంలో మొదటి పేరు ఆమెదే. చేతిలో కాగితం ఉంది, కానీ చూడకుండానే చెప్పింది. "తలుపు పక్క వరుసలో వాడిన మొక్కలకు మొదటి రచయిత కుటుంబసభ్యురాలు తెలియక నీళ్ళు పోసినందున ఆ వరుసను తొలగించాం. ఆ సమయంలో గ్రీన్‌హౌస్ బాధ్యత మొదటి రచయితదే."

లెక్కల సారు నవ్వు ముఖం మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. కిటికీ బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

"బయటివాళ్ళను లోపలికి తీసుకురాకూడదని తలుపు మీద కాగితం ఉంది," అన్నాడు పెద్దసారు. "అది అతికించింది ఎవరు?"

"నేనే సార్."

"పొడిగింపు జాబితా ఇంకా పైకి వెళ్ళలేదు. ఈ బల్ల మీదే ఉంది."

"తెలుసు సార్."

"తెలిసీ..." ఆయన కళ్ళు మూసుకున్నాడు. కోపం ఏమీ కనపడలేదు, నిద్ర చాలని మనిషిలా ఉన్నాడు. "అమ్మా, నాకు ఈ ఏడాదిలో ఒక్క వ్యాసమన్నా గొడవ లేకుండా బయటికెళ్తే చూడాలనుంది. పాత వాక్యంతో పంపెయ్యి. మాలి సంగతి తర్వాత నెమ్మదిగా చూద్దాం."

 ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"వాక్యం మారకపోతే నేను పంపను సార్. అది నా ఖాతాలోంచే వెళ్ళాలి."

 లెక్కల సారు లేచి, ఎవరో పిలిచినట్టు నటించి వెళ్ళిపోయాడు. పెద్దసారు సొరుగు లాగాడు, ఏమీ తీయకుండానే మూశాడు.

"ఆ తాళంచెవి ఇక్కడ పెట్టు," అన్నాడు.

ఆమె బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"పంపుకో. నీ ఇష్టమొచ్చిన వాక్యంతోనే పంపుకో."

*

పంపడం అంటే బటన్ నొక్కడమని వినేవాళ్ళు అనుకుంటారు. పత్రిక వెబ్‌సైటు ముందు శీర్షిక అడిగింది, తర్వాత దాన్ని పొట్టిగా చేసి మళ్ళీ అడిగింది. రచయితలందరి చిరునామాలు అడిగింది. ఈ వ్యాసం ఇంకెక్కడికీ పంపలేదని ప్రమాణం చేయించుకుంది. ఎవరికి ఏ స్వార్థమూ లేదని ఇంకోసారి చేయించుకుంది. వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పగల నిపుణుల్ని సూచించమంది, వాళ్ళు స్నేహితులు కాకూడదంది. ఫొటో బరువెక్కువంది, తగ్గిస్తే మసకగా ఉందంది. మధ్యలో ఆమె లేచి టీ తెచ్చుకునేసరికి, ఎవరూ లేరనుకుని బయటికి తోసేసింది. మళ్ళీ మొదటి పేజీ.

ఎవరెవరు ఏమేం చేశారో రాసే గడి దగ్గర ఆగింది. ప్రయోగం చేసింది ఎవరు, లెక్కలు వేసింది ఎవరు, రాసింది ఎవరు. మొక్కలు పెంచింది ఎవరన్న గడి లేదు. కృతజ్ఞతల పేరాలో తోటమాలి పేరు రాయబోయి, రాయనా వద్దా అని తేలక ఆగింది. అతన్ని అడగకుండా ఇప్పటికే ఒకసారి రాసేశారు. వదిలేసింది.

అంతా అయ్యాక తెర మీద పచ్చటి చిన్న టిక్కు పడింది. ఏదో పెద్ద బరువు దిగుతుందనుకుంది. ఏమీ దిగలేదు. మెడ మాత్రం ఎప్పట్లాగే లాగుతోంది.

సాయంత్రం అత్తగారు వాక్యం చదివించుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"కుటుంబసభ్యురాలు ఏమిటే? అత్తగారు అని రాయొచ్చుగా. ఎవరనుకుంటారో ఏమో!"

"అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు అత్తయ్యా."

"ఒప్పుకోకేం, వాళ్ళకు అత్తలు లేరా?" అంది. తర్వాత అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఆ సాయంత్రం అల్లలేదు. "ఆ మాలికి ఒక స్వెట్టర్ అల్లి ఇస్తే తీసుకుంటాడా?"

"తీసుకోడనుకుంటా."

"నేనైనా తీసుకోను," అంది అత్తగారు.

పొడిగింపు జాబితా వచ్చింది. అందరికీ మూడేళ్ళు. చిక్కుడక్క పేరెదురుగా ఒక ఏడాది. కారణం రాయలేదు. లెక్కల సారు వసారాలో ఎదురుపడి, ఏడాదంటే బోలెడు కాలమమ్మా అన్నాడు, తన మూడేళ్ళ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఆ వెనకే పత్రికనుంచి జవాబు వచ్చింది. గుండె చిక్కబట్టుకుని తెరిచింది. వ్యాసం ఇంకా ఎవరూ చదవలేదట. ఫొటోలో మొక్క ఎంత పెద్దదో తెలిపే కొలత గీత లేదు, అది పెట్టి మళ్ళీ పంపండి అని ఉంది. ఆ వాక్యం గురించి ఒక్క మాటా లేదు. దేనికోసం ఇంత అయిందో ఆ వాక్యాన్ని వాళ్ళు చూడనైనా చూడలేదు.

గీత పెట్టాలంటే కుండీ కొలవాలి. ఫొటోలోని కుండీలు గ్రీన్‌హౌస్‌లోనే ఉన్నాయి. టేపు, కెమెరా బ్యాగులో వేసుకుని బయల్దేరింది. తలుపు దాకా వెళ్ళి అలవాటుగా బ్యాగులో చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది, తాళంచెవి లేదని.

అద్దాల లోపల ఎవరో కదిలారు. బయట నిలబడి అద్దం మీద వేలితో తట్టింది. ఆ మనిషి చేతిలో పని వదిలిపెట్టలేదు. ఒక కుండీ ఎత్తాడు, తక్కెడ మీద పెట్టాడు, ముల్లు ఆగేదాకా చూశాడు, దించాడు. అప్పుడు వచ్చాడు, తొందరేమీ లేనట్టు. నడుముకు తాడుతో తాళంచెవి వేలాడుతోంది. మెడకు గుడ్డ లేదు.

"మళ్ళీ లోపలికి వచ్చారన్నమాట," అంది చిక్కుడక్క.

"రమ్మన్నారు. వచ్చాను." తోటమాలి తలుపు సగమే తెరిచి, ఆ సగంలో తను నిలబడ్డాడు. "ఏం కావాలి మేడం?"

"ఒక కుండీ కొలవాలి. పత్రికవాళ్ళు అడిగారు."

అతను ఆమె భుజం మీంచి వెనక్కి చూశాడు. దారి ఖాళీగా ఉంది. అయినా అడిగాడు.

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కదాన్నే."

"బ్యాగులో సీసా ఉన్నట్టుంది."

"తాగే నీళ్ళు."

"బయట పెట్టండి."

ఆమె సీసా తీసింది. తలుపు మీద తను అతికించిన కాగితానికి సరిగ్గా కింద, మెట్టు పక్కన, పడిపోకుండా గోడకానించి పెట్టింది. అతను అది చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.